పాపకు ఆరు నెలలు, వచ్చే నెల నుంచి ఆఫీసు: ఒక బ్యాంకు ఉద్యోగిని సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు ఆరో నెల. వచ్చే నెల ఒకటిన మళ్లీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాలి. గుంటూరు నుంచి అత్తగారు వచ్చి మూడు నెలలు ఉంటానన్నారు, ఆ తర్వాత క్రెష్. మీవారు "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అంటున్నారు. పాపను వదిలి వెళ్తే తప్పు చేస్తున్నట్టుగా ఉంది, రాజీనామా చేసేయనా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "ఆఫీసు, ఇల్లు పోను రోజులో నాకంటూ ఏమైనా మిగులుతుందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. రాజీనామా ఇప్పుడే వద్దు. కనీసం ఆరు నెలలు చేసి చూడండి. మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది, ఆ రోజుల్లో తీసుకున్న ఏ నిర్ణయమూ నిలకడగా తీసుకున్నది కాదు. ఇంట్లో పనులు ఎవరికైనా అప్పగిస్తే గుర్తుపెట్టుకునే పనితో సహా అప్పగించండి. ఇక మీకంటూ మిగులుతుందా అంటే, మిగలదు తల్లీ. జీతం రాగానే చిట్టీ డబ్బు ముందు తీసి పక్కన పెడతాం చూడండి, అలా ముందే తీసి పెట్టుకోవాలి.

నేను 2001లో క్లర్కుగా బ్యాంకులో చేరాను, ఇప్పుడు ఆఫీసర్ని. అబ్బాయి 2004లో, అమ్మాయి 2012లో పుట్టారు. ఇద్దరినీ ఉద్యోగం చేస్తూనే పెంచాను. కింద రాసేవన్నీ మా ఇంట్లో, మా బ్రాంచిలో చూసినవే.

రాజీనామా ఎందుకు వద్దంటున్నానంటే

చాలామంది ఒక లెక్క వేస్తారు: "నా జీతంలో క్రెష్‌కి, పనిమనిషికి, క్యాబ్‌కి పోతే మిగిలేది ఇంతే, దీనికోసం పాపను వదిలి వెళ్లాలా?" ఆ లెక్కే తప్పు. పాప ఇద్దరిదీ. క్రెష్ ఖర్చు ఇద్దరి జీతాల మొత్తంలోంచి తీయాలి, తల్లి జీతంలోంచి మాత్రమే కాదు. ఒకసారి కాగితం మీద అలా వేసి చూడండి, లెక్క వేరేగా కనిపిస్తుంది. పైగా క్రెష్ ఖర్చు మూడు, నాలుగేళ్లు. మీ ఉద్యోగం ఇంకా ముప్పై ఏళ్లు.

నాతోపాటు చేరిన ఇద్దరి సంగతి చెప్తాను. ఒకావిడ పాప పుట్టిన మూడో నెలలోనే, ఏడుస్తూ రాజీనామా ఇచ్చింది. ఆరేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగానికి తిరిగితే దొరికింది సగం జీతం ఉద్యోగం. ఇప్పటికీ ఆ మాట వస్తే కళ్లు తుడుచుకుంటుంది. ఇంకొకావిడ బాబుకి మాటలు రాక, రోజూ థెరపీకి తీసుకెళ్లాల్సి వచ్చి మానేసింది. ఆవిడకి ఒక్కరోజు కూడా పశ్చాత్తాపం లేదు, ఎందుకంటే ఏడాదిపాటు రెండూ చేసి చూసి, ఆలోచించుకుని మానేసింది. మానడం తప్పని నేననను. గిల్టీ ఫీలింగ్‌తో మాత్రం మానకండి. అది ఉద్యోగం మానినా పోదు, ఇంకో కారణం వెతుక్కుంటుంది.

"ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అనే మాట గురించి

మీవారి మాటలో ప్రేమ ఉంది, కాదనను. మావారూ పన్నెండేళ్లు ఇదే మాట అన్నారు. కానీ చెప్పడం కూడా ఒక పనే. డైపర్లు ఎప్పుడు అయిపోతాయి, జ్వరం మందు సీసాలో ఎంతుంది, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, స్కూలు ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడు... ఇవన్నీ తలలో తిరుగుతుంటే, చేతులు ఖాళీగా ఉన్నా మనిషికి విశ్రాంతి ఉండదు.

ఇది నాకు తెలివితేటలతో తెలియలేదు. నోట్ల రద్దు నేర్పింది.

2016 నవంబరు 8 రాత్రి ప్రకటన వచ్చింది. పదో తారీఖున బ్యాంకులు తెరిచేసరికి మా బ్రాంచి షట్టర్ ముందు వరస మలుపు తిరిగి పక్క వీధిలోకి వెళ్లింది. ఆ వారం శని, ఆదివారాలు కూడా పనిచేశాం. ఒకరోజు ఒక సర్క్యులర్, మరుసటి రోజు ఇంకొకటి. పాత నోట్లు మార్చుకునే పరిమితి 4000 రూపాయలు, తర్వాత 4500, ఆపైన 2000. ఆధార్ జిరాక్సులు చూసి, ఫారాలు నింపించి, నోట్లు లెక్కపెట్టి లెక్కపెట్టి వేళ్ల చివర్లు నల్లబడేవి. క్యాష్ టాలీ అయ్యేసరికి రాత్రి తొమ్మిది, పది. ఫోను బ్యాగులో మోగుతూనే ఉండేది, తీసే తీరికే లేదు.

ఇంట్లో బాబుకి పన్నెండు, పాపకి నాలుగు. మొదటి రెండు రోజులు మావారు ఫోను మీద ఫోను చేశారు. యూనిఫారం ఎక్కడ, పాపకి దగ్గు మందు ఎన్ని ఎంఎల్, పాలబ్బాయికి ఎంతివ్వాలి. జవాబు రాకపోయేసరికి మూడో రోజు నుంచి ఆయనే వెతుక్కున్నారు. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, మందు వేసిన టైము పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టారు. పాప బాక్సులో వరసగా నాలుగు రోజులు పెరుగన్నమే, పైన దానిమ్మ గింజలు. రెండు జడలు వేయడం రాక, ఒకటే పిలక కట్టి రబ్బరు బ్యాండు పెట్టి పంపారు. కార్తీక మాసం కదా, తులసి కోట దగ్గర దీపం మా బాబు పెట్టాడు, అదీ ఎవరూ చెప్పకుండానే.

ఒక రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చాను. పిల్లలు నిద్రపోయారు. వంటింటి గట్టు తుడిచి ఉంది, నేను తుడిచినట్టుగా కాదు, మూలల్లో తడి అలాగే ఉంది. టిఫిన్ బాక్సు కడిగి బోర్లించి ఉంది. ఆ బోర్లించిన బాక్సు చూసి కింద కూర్చుని ఏడ్చేశాను. పన్నెండేళ్లుగా ఈ ఇల్లు నేను లేకపోతే నడవదని నమ్మి మోశాను. నేను లేకుండానే నడిచింది, నా పద్ధతిలో కాకుండా దాని పద్ధతిలో.

డిసెంబరు 30తో ఆ గొడవ సద్దుమణిగాక వంట మళ్లీ నేను తీసుకున్నాను, ఎందుకంటే వంట నాకిష్టం. స్కూలుకి, మందులకి, టీకాలకి సంబంధించినవి మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. ఈరోజుకీ పాప స్కూలు మెసేజ్‌లు వచ్చేది ఆయన ఫోనుకే.

అందుకని, మీరు వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారమే ఒక పనితో మొదలుపెట్టండి. ఉదాహరణకి టీకాల కార్డు. మీ పాపకి తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ టీకా ఉంటుంది, తట్టు, రుబెల్లా రాకుండా వేసేది. ఆ తేదీ గుర్తుపెట్టుకోవడం, సెలవు పెట్టుకోవడం, తీసుకెళ్లడం, ఆ రాత్రి జ్వరం చూసుకోవడం అన్నీ మీవారివి. మీరు గుర్తుచేయకండి. ఒకరోజు ఆలస్యమైతే ఏమీ కాదు, ఓపిక పట్టండి. మధ్యలో మీరు గుర్తుచేశారంటే ఆ పని మళ్లీ మీదైపోయినట్టే. వెనకాల నిలబడి "అలా కాదు, ఇలా" అనడం కూడా మానాలి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే, పైకి చెప్పుకోని నిజం.

అత్తగారి దగ్గర వదిలినప్పుడు

ఆవిడ మూడు నెలలు తన ఊరు, తన ఇల్లు వదిలి వస్తున్నారు. ఆ వయసులో అది పెద్ద సాయం, మొదటి రోజే ఆ మాట ఆవిడతో నోరు తెరిచి అనండి. పాప ఉగ్గు ఆవిడ పద్ధతిలోనే చేయనివ్వండి. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, కాస్త జీలకర్ర వేసి మర పట్టించిన ఉగ్గు మనవాళ్లు ఎన్ని తరాలుగానో పెడుతున్నారు. ఉయ్యాల ఊపితే అలవాటవుతుంది, ఎత్తుకుంటే అలవాటవుతుంది అని వాదించకండి.

గట్టిగా ఉండాల్సినవి మాత్రం రెండు, మూడు ఉంటాయి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. మనవైపు ఇది అలవాటు, కానీ అంత చిన్న పేగులకి అందులోని బ్యాక్టీరియాతో నిజంగా ప్రమాదం ఉంది. ఉప్పు, పంచదార కూడా అప్పటిదాకా వద్దు. ఈ మాటలు మీరు చెప్పకుండా పిల్లల డాక్టరు నోటితో చెప్పించండి. రాబోయే చెకప్‌కి అత్తగారినే తీసుకెళ్లండి. మా ఇంట్లో మా అమ్మతోనే నాకు దీనిమీద మాటామాటా వచ్చింది. డాక్టరు చెప్పాక ఆవిడే చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

క్రెష్ మాత్రం అత్తగారు ఉండగానే చూసి పెట్టుకోండి. ఆవిడ వెళ్లడానికి మూడు వారాల ముందే రోజుకి గంట, రెండు గంటలు పంపి అలవాటు చేయండి.

ఆఫీసులో అడగాల్సినవి అడగండి

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైందని మీకు తెలుసు. దాని పక్కనే ఉన్న మిగతావి చాలామందికి తెలియవు. పాపకి 15 నెలలు నిండేదాకా, మామూలు భోజన విరామం కాక, పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు మీ హక్కు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. పని స్వభావాన్ని బట్టి, సెలవు తర్వాత కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేసేలా మాట్లాడుకోవడానికి కూడా వీలుంది. చేరడానికి రెండు వారాల ముందే హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. బతిమాలుతున్నట్టు కాకుండా మామూలుగా రాయండి: ఫలానా తేదీన చేరుతున్నాను, పాలు తీసుకోవడానికి తలుపు వేసుకునే గది ఏది, క్రెష్ ఏర్పాటు ఏమిటి, అని.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2004లో బాబుకి అయిదో నెలలో నేను డ్యూటీలో చేరినప్పుడు నాకివేవీ తెలియవు. మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి ఛాతీ బరువెక్కి రాయిలా అయ్యేది. కౌంటర్ దగ్గర టోకెన్ నంబర్లు పిలుస్తూ, తడిసిన జాకెట్టు కనపడకుండా కొంగు ముందుకి లాక్కుని కప్పుకున్నాను. మూడో రోజుకి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. సెలవు అడిగితే, ఆడవాళ్లని ఈ బ్రాంచికి వేస్తే ఇంతే అన్నారు అప్పటి మేనేజరు. నోరు మూసుకుని సీట్లోకి వచ్చి కూర్చున్నాను. మీరలా కూర్చోకూడదు.

పాల సంగతి: పంపు కొనుక్కోండి, చేరకముందే రెండు వారాలు వాడి అలవాటు పడండి. తీసిన పాలు గది వేడిలో 4 గంటలు దాటనివ్వకండి, మన ఎండాకాలంలో అంతసేపు కూడా వద్దు. ఐస్ ప్యాక్ పెట్టిన చిన్న బ్యాగులో ఇంటికి తెచ్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. మా పాపప్పుడు నేను మరుసటి రోజుకే వాడేసేదాన్ని. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు.

ఇక మీ చివరి ప్రశ్న, నాకంటూ ఏమైనా మిగులుతుందా

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇదే. దీనికి జవాబుగా సలహాల కంటే నా రోజు చెప్తాను.

పొద్దున అయిదుంబావుకి లేస్తాను. డికాక్షన్ రాత్రే వేసి ఉంటుంది. పాలు పొంగుకి వచ్చేదాకా స్టవ్ దగ్గరే నిలబడి, స్టీలు గ్లాసులో కలుపుకుని బాల్కనీలోకి వెళ్తాను. గ్లాసు అంచు వేడికి చీర కొంగు మడిచి పట్టుకుంటాను. ఆ ఇరవై నిమిషాలు ఫోను లోపలే ఉంటుంది, ఉప్మాకి ఉల్లిపాయలు కూడా కోయను. ఎవరైనా లేచొచ్చి పిలిచినా "ఇంకో పది నిమిషాలు" అంటాను. పిల్లలు చిన్నప్పుడు ఏడ్చేవాళ్లు. ఇప్పుడు మా పాప తలుపు దాకా వచ్చి, నా చేతిలో గ్లాసు చూసి వెనక్కి వెళ్లిపోతుంది.

2018లో హైదరాబాద్‌లో మా రూట్లో మెట్రో వచ్చింది. చైతన్యపురిలో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగుతాను, ఇరవై నిమిషాల పైచిలుకు. అంతకుముందు సిటీ బస్సులో ఒంటికాలి మీద గంట నిలబడేదాన్ని. మెట్రోలో నేను ఫోను చూడను. మలక్‌పేట దాటి ఎంజీబీఎస్ స్టేషన్ వచ్చేలోపు మూసీ నది కనిపిస్తుంది. ఎండాకాలంలో ఒక రంగు, వాన పడిన మర్నాడు ఇంకో రంగు. రోజూ దాన్ని చూస్తాను. ఆ ప్రయాణంలో నేను ఎవరి అమ్మనూ కాను, ఏ సీటుకీ ఆఫీసర్నీ కాను.

ఏప్రిల్, మే నెలల్లో స్టేషన్ మెట్ల కింద మల్లెపూలు అమ్మే ఆవిడ కూర్చుంటుంది. రెండు మూరలు అడిగితే మోచేతి దాకా కొలిచి, తెంపబోతూ ఇంకో జానెడు వదిలి కొసరు వేస్తుంది. ఒక మూర తల్లో, ఒక మూర తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో. మర్నాడు పాల ప్యాకెట్ తీయబోతే తలుపు తెరవగానే గుప్పుమంటుంది.

2015 సెప్టెంబరు నుంచి మాకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. అందులో ఒక శనివారం నాది. పిల్లలు తినరని ఏళ్ల తరబడి మానేసిన గుత్తివంకాయ ఉల్లికారం ఆరోజు వండుకుంటాను, నా ఒక్కదాని కోసం. నాలుగు లేత కాయలు, పుల్లలు ఉంచి నాలుగు పక్షాలుగా చీరి, ఉల్లిపాయ, ఎండుమిర్చి, ధనియాలు ముద్దగా నూరి కూరి, మూత పెట్టి సన్నటి సెగ మీద. ఇంట్లో ఎవరికీ నచ్చని కూర మీకోసం వండుకోవడం తప్పు కాదు.

మీకు కాఫీ ఇష్టం లేకపోవచ్చు, మల్లెపూలు పడకపోవచ్చు. ఏదైనా సరే, రోజులో ఒకటి, దానికో టైము, ఇంట్లో అందరికీ తెలిసేలా. పాప ఆరు నెలలది కాబట్టి ఇప్పుడు పదిహేను నిమిషాలే కుదురుతుందేమో. పాప రాత్రి నాలుగుసార్లు లేచిన రోజున అదీ కుదరదు, ఆరోజు ఆ పదిహేను నిమిషాలు కూడా నిద్రపొండి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మీరు రాసిన బాధ ఉద్యోగంలో చేరేముందు తల్లులందరికీ ఉండేదే. కానీ రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, పాప మీద ఏమీ అనిపించకపోతే, అది అలసట అనుకుని ఊరుకోకండి. మీ గైనకాలజిస్టుకి చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఏ వేళైనా మాట్లాడతారు, తెలుగులోనే, డబ్బులేమీ అడగరు. మా పాప పుట్టాక నేను ఆ దశ దాటడానికి నాలుగు నెలలు పట్టింది, డాక్టరు దగ్గరికి వెళ్లాకే దాటాను.

చేరే రోజు గురించి రెండు మాటలు. ఒకటో తేదీ ఏ వారం పడిందో చూసుకోండి. సోమవారమైతే హెచ్‌ఆర్‌ని అడిగి బుధ, గురువారాలకి మార్చుకోండి, రెండు, మూడు రోజులు చేస్తే శనివారం వచ్చేస్తుంది. చేరడానికి ముందు వారంలో ఒకరోజు, పాపను అత్తగారి దగ్గర వదిలి, ఆఫీసు వేళకి తయారై బయటికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రండి. పాప ఏం తాగింది, ఎంతసేపు ఏడ్చింది, మీకు ఎక్కడ ఇబ్బందైంది అప్పుడే తెలిసిపోతుంది. ఆఫీసు డ్రాయర్‌లో ఒక ముదురు రంగు కుర్తా, ఒక చున్నీ, ఒక చిన్న టవల్ పెట్టుకోండి. పొద్దున గడప దాటేటప్పుడు పాప కళ్లుగప్పి వెళ్లకండి. ఏడ్చినా సరే, టాటా చెప్పే వెళ్లండి. వారం తర్వాత ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూస్తాను.